టేపు చుట్టిన కడియం

నేను ఒక ఇనుప కడియాన్ని. చేతికి తొడిగేదాన్ని కాదు, కాలికి అసలే కాదు. ఉల్లిగడ్డలు కొలిచే కడియాన్ని. నవ్వకండి. ఉల్లిగడ్డల్ని తూస్తారు గానీ కొలవడం ఏమిటని మీరు అడగబోతున్నారని తెలుసు. నేనూ అదే అడిగాను, జవాబు చెప్పేవాళ్లెవరు? నా లోపలి వెడల్పు నాలుగున్నర సెంటీమీటర్లు. నాలోంచి జారి కింద పడింది పనికిరాని గడ్డ. జారకుండా నా మీద కూర్చున్నది ప్రభుత్వం కొనే గడ్డ. ఇంతే నా ఉద్యోగం. ఇంత చిన్న ఉద్యోగంలో నేను పడ్డ అవస్థ పగవాళ్లకు కూడా వద్దు.

అంతకుముందు నేను కర్నూలు జిల్లాలో ఒక ఎండిపోయిన బోరులోంచి పీకేసిన పైపు ముక్కను. మార్కెట్ యార్డు ఎదురుగా ఉన్న వెల్డింగు షాపులో పీరాసాబ్ నన్ను రెండు వేళ్ల మందాన కోసి, పక్కన జానెడు కడ్డీని పిడిగా అతికించాడు. తర్వాత ఆకురాయి పట్టుకుని నా లోపల పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా రాశాడు. యార్డు గ్రేడరు ప్రహ్లాద ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని, పది నిమిషాలకోసారి నాలో స్కేలు పెట్టి చూసి పెదవి విరుస్తూ ఉంటే ఆ మనిషి మాత్రం ఏం చేస్తాడు?

"వెంట్రుకవాసి తేడా గూడా రాగూడదు సాబ్. పైనోళ్లు చూస్తారు" అన్నాడు ప్రహ్లాద.

"ఉల్లిగడ్డకు తెలుస్తాదా సార్ వెంట్రుకవాసి?"

"దానికి తెలియకపోతే పాయె. తప్పు పడితే నా ఉద్యోగం పోతాది."

ప్రహ్లాదది కాంట్రాక్టు ఉద్యోగం. అతను చెడ్డవాడని నేను ఎన్నడూ అనను. భయస్థుడు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని, భయస్థుడి చేతిలో పడితే తిట్టుకోవడానికి కూడా మనసు రాదు.

ఆ ఏడు ఉల్లి విరగపండింది. వ్యాపారులు గడ్డల మొహం చూడడం మానేశారు. యార్డుకు తెచ్చిన బస్తాల్ని మళ్లీ ఇంటికి తీసుకెళ్లే ఓపిక లేక రైతులు రోడ్డు పక్కనే కుమ్మరించి వెళ్లిపోతుంటే, మేకలు కూడా తిని తిని మొహం మొత్తి పక్కకు తప్పుకుని నడిచాయి. అప్పుడు ప్రభుత్వం మద్దతు ధర ప్రకటించింది. వ్యాపారి కొనకపోతే మేమే కొంటాం, ధర పడిపోనివ్వం అంది. మంచి మాటే, కాదనడానికి నేనెవర్ని? కానీ మనుషులు మంచి మాట చెప్పి ఊరుకోలేరు కదా. దానికో రూలు తగిలిస్తేగానీ వాళ్లకు నిద్ర పట్టదు. ఆ రూలు నేనే.

పని ఇలా సాగేది. లోడు రాగానే ఏదో ఒక బస్తా విప్పి నూరు గడ్డలు తీస్తారు. ఒక్కొక్కటే నా మీద పెడతారు. పది దాకా జారినా ఫరవాలేదు. పదకొండోది జారిందంటే లోడు లోడంతా వెనక్కి. చిన్నవి ఏరేసి మళ్లీ తెస్తానంటే కుదరదు, టోకెను రద్దయిపోతుంది. దీనికి తోడు ప్రహ్లాదకు ఒక అలవాటు. గడ్డ పెట్టగానే పిడి పట్టుకుని నన్ను ఒక్క విదిలింపు విదిలిస్తాడు. అలా విదిలించమని ఏ కాగితంలోనూ లేదు. తను గట్టిగా పని చేస్తున్నట్టు కనబడాలని అతని తాపత్రయం, అంతే.

ఉల్లిగడ్డ సంగతి మీకు ఒకటి చెప్పాలి. పీకిన మర్నాడే తెస్తే నీరు పట్టి లావుగా ఉంటుంది, నా మీద దర్జాగా కూర్చుంటుంది. చేలోనే ఆకు కప్పి పదిహేను రోజులు ఆరబెడితే మెడ ఎండి, పొర బిగిసి, గట్టిపడి, కాస్త చిక్కుతుంది. ఆరిన గడ్డ నెలల తరబడి నిలవ ఉంటుంది. పచ్చిది మూడు వారాలకు కుళ్లుతుంది. ఉల్లి పండించే ఊళ్లలో ఇది తెలియని మనిషి ఉండడు. రూలు రాసినాయనకు మాత్రం తెలియదు. లావెంతో అడగమన్నాడు నన్ను, ఇంకేమీ అడగొద్దన్నాడు. మొదటి రోజుకే రైతుల్లో తెలివైనవాళ్లు నా గుట్టు పట్టేశారు. పొద్దున పీకి సాయంత్రానికి తోలుకొచ్చిన తడి గడ్డలన్నీ నేను బంగారంలా ఒప్పుకున్నాను. నా ఖర్మ.

ఉరుకుందమ్మ వచ్చింది కొనుగోళ్లు ముగియడానికి ఒక్కరోజు ముందు. ముప్పై అయిదేళ్ల మనిషి, ఎండకు నల్లబడ్డ మొహం, మాట తక్కువ. లోడు తెచ్చిన ట్రాక్టరు ఆమె బావ మద్దిలేటిది, అంటే చనిపోయిన మొగుడి అన్నయ్యది. ఆయనే తోలుకొచ్చాడు. లైను రెండు ఫర్లాంగులు ఉండడంతో పొద్దంతా నిలబడాల్సి వచ్చింది. వంతు దగ్గరపడ్డాక, హమాలీల పెద్ద దస్తగిరి టీ తాగుతూ పలకరిస్తే ఆమె నోరు విప్పింది. నేను పక్కనే బల్ల మీద పడి ఉన్నాను, వినక తప్పింది కాదు.

"నా మొగుడు పోయినాంక చేను నేను చేస్తాలే అన్నాడన్నా మా బావ. ఒక్క పంట చూడు బావా అన్నా. పదిమంది ముందర మాటైంది. నా గడ్డలు యార్డులో దిగితే ఆ ఎకరంన్నర నేనే చేసుకుంటా. తిరిగొస్తే ఇంగ సేద్యం ఊసెత్తగూడదు."

దస్తగిరి లేచి ఆమె బస్తాలోంచి ఒక గడ్డ తీసి బొటనవేలితో నొక్కి చూశాడు. వేలు దిగలేదు.

"ఎన్నాళ్లు ఆరబెట్టినావమ్మా?"

"పదైదు దినాలు. ఆయన ఉన్నప్పుడు అట్లనే చేస్తాంటిమి."

"శానా మంచి సరుకు. ఉగాది దాంకా ఉంటాయి" అన్నాడు దస్తగిరి. ఆమె మొహంలో ఆ రోజుకు మొదటిసారి నవ్వు కనబడింది. నాకు మాత్రం దడ పట్టుకుంది. ఆరిన సరుకు అంటే ఏమిటో, అది నా దగ్గరికొస్తే ఏమవుతుందో దస్తగిరి కంటే నాకే బాగా తెలుసు.

ఆమె వంతు వచ్చింది. ప్రహ్లాద నూరు గడ్డలు తీయించాడు. మొదటి నలభైలో మూడు జారాయి. డెబ్భై దాకా ఏడు. మద్దిలేటి ట్రాక్టరు దిగి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తొంభై దాటేసరికి పది. ఆ తర్వాత ఆరు గడ్డలు వరసగా కూర్చున్నాయి. తొంభై ఎనిమిదోది పెట్టాడు. ఎర్రగా, గుండ్రంగా, రాయిలా గట్టిగా ఉంది. నా అంచుకు రెండు వైపులా తగిలి ఆగింది. ఆగింది బాబూ, ఒట్టు, నేను పట్టుకునే ఉన్నాను. అప్పుడు ప్రహ్లాద తన అలవాటు కొద్దీ విదిలించాడు. గడ్డ నాలోంచి జారి బల్ల మీద పడి దొర్లింది.

"పదకొండు. వెనక్కి" అన్నాడు ప్రహ్లాద తల ఎత్తకుండా.

"సార్, ఇవి ఎండినాయి. పీకిన పొద్దు ఇంతింత ఉండె. నీళ్లు పోయి చిక్కినాయి గానీ చిన్నవి గావు సార్."

"ఎందుకు ఆరబెట్టినావమ్మా మరి? పచ్చివే తెచ్చుంటే సరిపోతాండె గదా."

"పచ్చివి కుళ్లిపోతాయి గదా సార్."

దస్తగిరి కలగజేసుకున్నాడు. "ఇంతకు ముందర దిగిన లోడు చూడు సార్, వేలు పెడితే దిగబడిపోతాంది. ఈమెది పట్టుకుని చూడు."

"గట్టిగా ఉండాదా లేదా చూడమని రూలు లేదు దస్తగిరీ. నన్నేం చేయమంటావు? కడియం చెప్పింది, అయిపోయింది."

కడియం చెప్పిందట! విన్నారా? విదిలించింది తను, రూలు రాసింది ఇంకొకడు, చెప్పింది మాత్రం నేను. ఒళ్లు మండిపోయింది నాకు. నోరుంటే ఆ యార్డు కప్పు ఎగిరిపోయేలా అరిచేదాన్ని.

ఉరుకుందమ్మ ఏడవలేదు. దొర్లిన గడ్డను ఏరుకుని కొంగులో వేసుకుంది. మద్దిలేటి కసిరే మనిషి కాదు. "పోదాం పా ఉరుకుందమ్మా" అని ట్రాక్టరు తిప్పాడు. బస్తాల మీద కూర్చుని ఆమె వెనక్కి వెళ్లిపోవడం గేటు దాకా కనబడింది.

ఇక కొన్న గడ్డల గతి చెబుతాను. యార్డులో గోదాము లేదు. ఉన్న షెడ్డు మొదటి మూడు రోజులకే నిండిపోతే మిగిలిన వాటిని సిమెంటు నేల మీద గుట్టలు పోశారు. వాన పడుతుందని టార్పాలిన్లు కప్పారు. తడి గడ్డలు, మీద ప్లాస్టిక్కు, పైన ఎండ. లోపల చెమట పట్టి పదోరోజుకు వాసన మొదలైంది. పదిహేనో రోజుకు ఎర్రటి నీళ్లు కాలవ కట్టి గేటు దాటాయి. ఇరవయ్యో రోజుకు ఎదురు వీధిలో వాళ్లు కిటికీలు తెరవడం మానేశారు. పీరాసాబ్ మూతికి తువ్వాలు కట్టుకుని వెల్డింగు చేశాడు.

అంతా కుళ్లలేదు, అదీ చెప్పాలి. ఆరబెట్టి తెచ్చినా లావు తగ్గని అదృష్టవంతుల గడ్డలు కొన్ని ఉన్నాయి. మూడో వంతు దాకా ఉంటాయి. అవి షెడ్డులో నిక్షేపంగా ఉన్నాయి. వాటినేం చేయాలని పెద్దలు మూడుసార్లు సమావేశమయ్యారు. వేలం వేస్తే ఎవరూ రాలేదు. హాస్టళ్లకు పంపుదామంటే అక్కడ కూరగాయల కాంట్రాక్టు వేరేవాళ్లదట. జనానికి ఊరికే పంచుదామని ఒక చిన్న ఉద్యోగి అన్నాడు. పెద్దాయనకు కోపం వచ్చింది.

"ఊరికే పంచితే బజార్లో కొనేవాడెవడయ్యా? ధర పడిపోదా? ధర నిలబెట్టడానికే గదా మనం కొన్నది" అన్నాడు.

తినేవాడికి ఇస్తే ధర పడుతుంది కాబట్టి ఎవరూ తినకుండా పారబోయాలి. నేను ఇనుమును, నాకు బుర్ర లేదు, ఒప్పుకుంటాను. మీకుంది కదా. ఈ మాట మీకేమైనా అర్థమైతే నాకు కూడా చెప్పండి. మొత్తానికి కుళ్లినవీ మంచివీ కలిపి ఊరి బయట క్వారీ గుంతలో పోసి బ్లీచింగు పొడి చల్లాలని ఆర్డరు వచ్చింది.

దాంతో పాటు ఇంకో మెలిక కూడా వచ్చింది. నాసిరకం సరుకు కొన్నారన్న మాట రాకూడదు. అందుకని, పారబోసే ముందు గడ్డలు కొన్ననాటి కొలతకు ఉన్నాయా లేవా అని తనిఖీ ఆఫీసరు వచ్చి చూస్తాడు. ప్రహ్లాద ముందురోజే షెడ్డులో గడ్డలు తెచ్చి నాతో సరిచూసుకున్నాడు. నెల రోజుల్లో అవి కూడా చిక్కాయి. నూటికి ముప్పై జారిపోయాయి. ప్రహ్లాద మొహంలో నెత్తురు లేదు. ఇంత చిన్నవి ఎందుకు కొన్నావని అడిగితే ఏం చెప్పాలి? ఆరితే చిక్కుతాయి సార్ అనా? ఆ మాట తనకు ఒక ఆడమనిషి చెప్పిందని గుర్తొచ్చిందో లేదో నాకు తెలియదు.

కాసేపు అటూ ఇటూ తిరిగి, కరెంటు పనికి వాడే నల్ల టేపు చుట్ట తెచ్చాడు. నా లోపలి అంచుకు చుట్టూ అతికించడం మొదలుపెట్టాడు. ఒక చుట్టు, రెండు చుట్లు, పది చుట్లు. మధ్య మధ్య గడ్డ పెట్టి చూసుకుంటూ చుట్టాడు. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. వెంట్రుకవాసి తేడా రాకూడదని పీరాసాబ్ చేత పూట పొడుగునా రాయించింది ఈయనే కదా!

మర్నాడు తనిఖీ జరిగింది. ఆఫీసరు కుర్చీలో కూర్చుని జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. నూరు గడ్డల్లో ఆరు జారాయి. ఈసారి ప్రహ్లాద విదిలించలేదు, మంత్రసాని బిడ్డను ఎత్తినంత మెల్లగా ఎత్తాడు. "భేషుగ్గా ఉంది. కొన్నది నాణ్యమైన సరుకేనని తేలింది. ఇంక పారబోసేయండి" అని సంతకం పెట్టి ఆఫీసరు జీపెక్కాడు.

పారబోయడానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూలీలను పిలిపించారు. గంపలతో ట్రాక్టర్లకు ఎత్తే ఆడవాళ్లలో ఉరుకుందమ్మ ఉంది. చేయడానికి చేను లేని మనిషి ఇంకెక్కడికి పోతుంది? మంచి గడ్డలు కూడా గంపలోకి వస్తుంటే ఒకామె నాలుగు కొంగులో వేసుకుంది. కాపలావాడు వచ్చి విప్పించి మళ్లీ గుట్టలో వేయించాడు. ఉరుకుందమ్మ అది చూసి, తన గంప ఎత్తుకుంది.

మధ్యాహ్నం కూలీలు షెడ్డు నీడన కూర్చుని మూటలు విప్పారు. ఆమె మూటలో రెండు జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి, ఒక ఉల్లిగడ్డ ఉన్నాయి. ఆ గడ్డ యార్డు నుంచి తిరిగొచ్చిన ఆమె గడ్డల్లోదే. గుప్పిటతో చితక్కొట్టబోతూ ఎందుకో బల్ల వైపు చూసింది. బల్ల మీద నేనున్నాను. నా లోపల నల్లగా ఉండడం ఆమె కంట పడింది. రొట్టె పక్కన పెట్టి, గడ్డ పట్టుకుని లేచొచ్చింది. ప్రహ్లాద ఎదురుగా క్యారియరు విప్పుకుని అన్నం కలుపుకుంటున్నాడు.

ఆమె గడ్డను నా మీద పెట్టింది. కూర్చుంది. పిడి పట్టుకుని, అతను ఆ రోజు చేసినట్టే ఒక్క విదిలింపు విదిలించింది. గడ్డ కదల్లేదు. అప్పుడు వేలు పెట్టి టేపును తడిమింది.

"ఆ పొద్దు ఈ టేపు యాడ పెట్టినావు సార్?"

ప్రహ్లాద చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మెల్లగమ్మా. నా ఉద్యోగం పోతాది."

"నా చేను పోయింది సార్" అంది ఆమె. గొంతు పెంచలేదు.

అతను ముద్దను మళ్లీ గిన్నెలో వేసేశాడు. "దీన్ని గుంతలో పారేద్దామనుకున్నా" అన్నాడు చివరికి, నన్ను చూస్తూ.

"గుంతలో ఎందుకు? నాకియ్యి."

"ఎవరికీ చూపించొద్దమ్మా."

"ఒక్కరికి చూపిస్తా."

ఆ సాయంత్రం మద్దిలేటి ట్రాక్టరు కడుగుతున్నాడు. ఉరుకుందమ్మ ఆయన ముందు నిలబడి నా మీద గడ్డ పెట్టి చూపించింది. తర్వాత టేపు కొస పట్టుకుని ఒక్కో చుట్టూ లాగింది. చివరి చుట్లు ఊడుతుండగా గడ్డ నాలోంచి జారి ఆయన కాళ్ల దగ్గర బురదలో పడింది. ఊడిన టేపును ఉండ చేసి ఆయన అరచేతిలో పెట్టింది.

"ఇంతే బావా. ఇంతకే పోయింది నా చేను."

మద్దిలేటి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మాటంటే మాటే గదా ఉరుకుందమ్మా" అన్నాడు, గట్టిగా మాత్రం అనలేకపోయాడు.

"నేను మాట తప్పినానా బావా? చేను ఇచ్చేస్తి గదా. కొలిచినోళ్లే కొలత మార్చుకున్నారు. దానికేమంటావు?"

ఆయన మళ్లీ నీళ్ల బకెట్టు అందుకున్నాడు. నాలుగో రోజు పొద్దున వచ్చి గడప బయట నిలబడి, "కాలవ గట్టున అరెకరం నువ్వు చేసుకో. మిగతాది చూద్దాం" అన్నాడు. మిగతాది చూద్దామట. ఎకరంన్నర పోవడానికి ఒక్క విదిలింపు చాలింది, తిరిగి రావడానికి మాత్రం ముక్కలు ముక్కలుగా రావాలి. నాకు మళ్లీ ఒళ్లు మండింది. ఉరుకుందమ్మ మాత్రం ఆ మధ్యాహ్నమే పార తీసుకుని పోయింది. తిరిగొచ్చిన గడ్డల్లో బాగా గట్టివి ఏరి, వచ్చే ఏటి విత్తనం కోసం ఆ అరెకరంలో నాటింది. మిగిలిన వాటిని ఇంట్లో అటక మీద వెదురు తడికల పైన పరిచింది.

నన్ను కూడా ఊరికే ఉంచలేదు. ఇంట్లో రోకలికి కొసన ఉండే ఇనుప పొన్ను ఊడిపోయి చాలా రోజులైందట. పీరాసాబ్ దగ్గరికి తీసుకెళ్లి నా పిడి కోయించింది. రోకలి కొసను కాస్త చెక్కి నన్ను బిగిస్తే కుదిరిపోయాను. ఆకురాయితో రాసిన మనిషే నన్ను గుర్తుపట్టి, "ఇది కొలత కడియం గదమ్మా?" అన్నాడు. "ఇంగ గాదు" అంది ఆమె. ఇప్పుడు నా పని దంచడం. మిరపకాయ, ఉల్లిగడ్డ, ఉప్పు. ఏది ఎంత లావని నన్నెవరూ అడగరు.

క్వారీ గుంత పూడ్చిన రెండు నెలలకు ఉల్లి కొండెక్కి కూర్చుంది. బజార్లో గడ్డ దొరకడం గగనమైంది. ఊరు ఊరంతా ఉరుకుందమ్మ అటక మీది గడ్డల్ని అడిగి పట్టుకెళ్లడం మొదలుపెట్టింది. మద్దిలేటి ఇంట్లో కూడా అవే. అట్లాంటి రోజుల్లో ఒకనాటి ఉదయం, ఉల్లికారం దంచుతుండగా, వాకిట్లో మోటారు సైకిలు ఆగింది. ప్రహ్లాద. కొనుగోలు కేంద్రం మూసేయగానే అతని కాంట్రాక్టు కూడా అయిపోయిందట. ఇప్పుడు ఇంకేదో పని మీద ఊళ్లు తిరుగుతున్నాడు. చేతిలో గుడ్డ సంచి ఉంది. గడప దగ్గర ఇబ్బందిగా నిలబడ్డాడు.

"ఇంట్లో గడ్డల్లేవమ్మా. యాడా దొరకడంలేదు. ఈ ఊళ్లో నీ దగ్గరే ఉండాయన్నారు."

ఉరుకుందమ్మ రోకలి గోడకు ఆనించి లోపలికి వెళ్లింది. అప్పుడు అతను నన్ను చూశాడు. నా అంచుకు కారం అంటుకుని ఉంది, అయినా గుర్తుపట్టాడు. చూపు తిప్పుకున్నాడు. ఆమె చేట నిండా గడ్డలు తెచ్చి చూపించింది. ఎర్రగా, పొర చెదరకుండా ఉన్నాయి.

"చిన్నయి సార్. ఫరవాలేదా?"

ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగింది. ప్రహ్లాద సంచి మూతి తెరిచి పట్టుకున్నాడు.

"ఫరవాలేదమ్మా."

ఆమె కొలవకుండా, తూయకుండా చేటెడు గడ్డలూ అతని సంచిలో పోసింది. అతను సంచి మూతి బిగిస్తూ, ఆమెకు ఏదో ఒక మేలు చేయాలనిపించిందేమో, మెల్లగా చెప్పాడు.

"వచ్చే పంట గూడా మద్దతు ధరకు కొంటారంట. నన్నే మళ్లీ పిలిచినారు. రూలు మాత్రం అదే. ఈసారి ఆరబెట్టొద్దమ్మా. పీకినవి పీకినట్లు పచ్చివే పట్టుకురా."

నా సహనం అక్కడితో అయిపోయింది. ఉరుకుందమ్మ మాత్రం రోకలి అందుకుంటూ అతని చేతిలో సంచి వైపు చూసింది.

"ఆ పొద్దు నేను ఆరబెట్టకపోయింటే ఈ పొద్దు నువ్వేం పట్టుకపోతాంటివి సార్?"

ప్రహ్లాద సంచి హ్యాండిలుకు తగిలించుకుని వెళ్లిపోయాడు. ఆమె రోకలి ఎత్తింది.